మిస్సమ్మకు ఎంత బాకీ?

పాత సినిమాల మీద మీరు అడిగే ప్రశ్నలకు నేను ఈ పేజీలో జవాబులు రాయడం మొదలుపెట్టి మూడేళ్ళయింది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ‘మిస్సమ్మ’ గురించే. పండగ సెలవుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని చూసినట్టున్నారు. నేను బ్యాంకులో 35 ఏళ్ళు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం లోన్ల సెక్షన్‌లోనే గడిచింది. అందుకే కాబోలు, ఆ సినిమాలో నాకు వెన్నెల కంటే ముందు అప్పు కనిపిస్తుంది. ఒక ఉత్తరానికి ఈసారి కాస్త ఎక్కువ చోటు తీసుకున్నాను. మిగతావాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ప్ర: ‘మిస్సమ్మ’ కథ మనది కాదని, బెంగాలీ నుంచి తెచ్చుకున్నారని మా నాన్నగారు అంటారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, ఏలూరు

జ: నిజమే. ఉద్యోగం కోసం భార్యాభర్తలమని చెప్పి బడిలో టీచర్లుగా చేరే జంట కథ రవీంద్రనాథ్ మైత్ర రాసిన ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’ అనే బెంగాలీ నాటకంలోది. తప్పిపోయిన అమ్మాయిని డిటెక్టివ్ వెతికే భాగానికి శరదిందు బందోపాధ్యాయ కథ ఆధారం. రెండిటినీ కలిపి ఒక్క కథగా అల్లింది ఈ సినిమా నిర్మాతల్లో ఒకరైన చక్రపాణి గారు. తెనాలి మనిషికి బెంగాలీ ఎక్కడిదంటే, క్షయ జబ్బుకు మదనపల్లె శానటోరియంలో వైద్యం చేయించుకుంటున్న రోజుల్లో నేర్చుకున్నారు. శరత్ నవలలు తెలుగులోకి తెచ్చింది కూడా ఆయనే. మందుల వాసన మధ్య మంచం మీద పడుకుని ఇంకో భాష నేర్చుకున్న మనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

కథ అక్కడిదే గానీ, అప్పాపురం జమీందారు గోపాలం గారి మాట తీరు, బిచ్చమెత్తే దేవయ్య నడక, పింగళి నాగేంద్రరావు గారి పాటలు, ఇవన్నీ అచ్చంగా మనవే. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ గారిది మీ ఏలూరు దగ్గరి సోమవరప్పాడే. ఆ సంగతి మీ నాన్నగారికి చెప్పండి, సంతోషిస్తారు.

ప్ర: మేడమ్, మా పెళ్ళయి ఎనిమిది నెలలయింది. మొన్న నేనూ మావారూ కలిసి ‘మిస్సమ్మ’ చూశాం. డేవిడ్ బాకీ కోసం మేరీ వెంటపడుతుంటే మావారు పడీ పడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అంతకు రెండు రోజుల ముందే ఆయన ఫోన్‌లో ఈఎంఐ మెసేజ్ చూశాను. అడిగితే అప్పుడు చెప్పారు. పెళ్ళికి రెండు నెలల ముందు 5 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నారట. నాలుగేళ్ళ గడువు, 14 శాతం వడ్డీ. మా పెళ్ళి ఖర్చులకే! అత్తగారికి మొదటి నుంచీ తెలుసు. నాకే తెలీదు. ఇప్పుడావిడ ‘నీ బంగారం పెడితే తీరిపోతుంది కదమ్మా’ అంటున్నారు. అసలు ఆ సినిమాని కామెడీ అని ఎందుకంటారో చెప్పండి.
— ఒక పాఠకురాలు, విజయవాడ

జ: అమ్మాయీ, నా కూతురి కంటే చిన్నదానివి, నువ్వు అనే రాస్తాను.

నేను ‘మిస్సమ్మ’ మొదటిసారి చూసింది పదేళ్ళ వయసులో. మాది దివిసీమలో ఒక పల్లె. కోతలైపోయాక ఊరి బయట డేరా టాకీస్ వేసేవాళ్ళు. నేల టిక్కెట్టు. ఇసుక మీద గోనెపట్టా పరుచుకుని అమ్మ, నేను, తమ్ముడు కూర్చున్నాం. డేవిడ్ వేషంలో రమణారెడ్డి గారు తెర మీదికి రాగానే డేరా అంతా గొల్లుమంది. ఆ బక్క మనిషి చేతులు తిప్పుతుంటే తమ్ముడు నా మీద పడి దొర్లుతున్నాడు. అమ్మ మాత్రం నవ్వలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నా చెవి దగ్గరికి వంగి, ‘ఆ పిల్లకి ఎంత బాకీనే?’ అని అడిగింది.

అమ్మ అలా ఎందుకడిగిందో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆ ఏడు నాన్న ఎడ్ల కోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాసిచ్చారు. అప్పిచ్చినాయన పొద్దుగూకే వేళకి వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. గట్టిగా ఒక్క మాట కూడా అనేవాడు కాదు. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు బోర్లించి, ‘మరి ఉంటానమ్మా’ అని వెళ్ళిపోయేవాడు. ఆ బోర్లించిన గ్లాసు తియ్యడానికి అమ్మ చాలాసేపటి దాకా బయటికి వచ్చేది కాదు. అలాంటి ఇంటి ఇల్లాలికి డేవిడ్‌ని చూస్తే నవ్వెలా వస్తుంది? నీకు నవ్వు రాకపోవడంలో తప్పేమీ లేదు.

మరి కామెడీ అని ఎందుకంటారంటావా. అది కామెడీయే. నవ్వు పుట్టే చోటు మాత్రం డేవిడ్ కాదని నా నమ్మకం. ఎం.టి. రావు (ఎన్టీఆర్), మేరీ (సావిత్రి) ఇద్దరూ బీఏలు. ఇద్దరికీ ఉద్యోగం లేదు. బాకీ కింద నన్ను పెళ్ళి చేసుకోమని డేవిడ్ మేరీని పీడిస్తున్నాడు. అప్పాపురం బడికి దంపతులైన టీచర్లు కావాలని ప్రకటన వస్తే, అబద్ధమాడి ఇద్దరూ బండెక్కుతారు. అక్కడ జమీందారు దంపతులు మేరీని కన్నకూతురిలా, రావుని అల్లుడిలా చూసుకుంటారు. ఆ ప్రేమ మీద పడేకొద్దీ వీళ్ళ అబద్ధం బరువెక్కుతుంది. నవ్వంతా ఆ ఇరకాటంలో ఉంది.

ఒక్క సంగతి గమనించు. వాళ్ళు అబద్ధమాడింది జమీందారు గారితో. ఒకరితో ఒకరు ఆడలేదు. నీ దగ్గర డబ్బు లేదు, నా దగ్గరా లేదు అన్నది మొదటి రోజు నుంచే ఇద్దరికీ తెలుసు. ఎవరెందుకు ఆ ఉద్యోగంలో చేరారో కూడా తెలుసు. మెళ్ళో తాళి లేని ఆ జంట మధ్య డబ్బు విషయంలో దాపరికం లేదు. అందుకే కీచులాడుకున్నా, మేరీ చిర్రుబుర్రులాడినా, మనకు వాళ్ళ మీద బెంగ కలగదు. మీ ఇద్దరి మధ్య వచ్చిన చిక్కు 5 లక్షలు కాదు తల్లీ, ఎనిమిది నెలలు మాట్లాడకుండా ఉండటం. నీ ఉత్తరంలో ‘నాకే తెలీదు’ అన్న మాట దగ్గర పెన్ను గట్టిగా నొక్కి రాశావు. కాగితం వెనక తడిమితే తెలుస్తోంది.

దాచడం గురించి నాకు తెలుసు, నేనూ దాచాను కాబట్టి. 1980లో నా పెళ్ళి. ఉద్యోగంలో చేరి ఏడాదయింది. నాన్న బాకీ అప్పటికీ తీరలేదు. వడ్డీ మీద వడ్డీ పెరిగి ఇంకో నోటుగా మారింది. నెలకు 100 రూపాయలు నాన్నకు మనియార్డర్ చేసేదాన్ని, మావారికి చెప్పకుండా. అత్తారింట్లో నాన్న పరువు పోతుందని భయం. రసీదులు పంచాంగంలో పెట్టేదాన్ని, అది ఆయన ముట్టరనే ధైర్యంతో. ఆరు నెలలకు ఏదో ముహూర్తం చూడటానికి ఆయనే తీశారు. ఆరు రసీదులూ చాప మీద పడ్డాయి. ఆయన వాటిని వరసగా పేర్చి మళ్ళీ అందులోనే పెట్టి బజారుకు వెళ్ళిపోయారు. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు అన్నం తింటూ తల ఎత్తకుండా, ‘ఇంకా ఎన్ని నెలలు?’ అన్నారు. అంతే. ఆ తర్వాతి నెల నుంచి 150 పంపాం.

నువ్వూ అక్కడి నుంచే మొదలుపెట్టు. ఎందుకు దాచావని తర్వాత అడగొచ్చు. ముందు ఎన్ని నెలలు అని అడుగు. ఆయన్ని లోన్ స్టేట్‌మెంట్ తీయమను, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి. నువ్వు రాసిన లెక్క ప్రకారం ఈఎంఐ సుమారు 13,660 రూపాయలు. ఇప్పటికి పది వాయిదాలు కట్టి ఉంటారు, అంటే 1 లక్షా 36 వేల పైచిలుకు. అందులో 54 వేలు వడ్డీకే పోయింది. అసలులో తగ్గింది 82 వేలు మాత్రమే. ఇంకా 4 లక్షల 17 వేల దాకా ఉంటుంది. ఈ అంకె చూసి గుండె జారనివ్వకు. మొదటి ఏడు వడ్డీ ఎక్కువగా తినేస్తుంది, పోనుపోను అసలు తరుగుతుంది. మా కౌంటర్ దగ్గర నిలబడి ‘పది నెలలు కట్టాను, ఇంతేనా తగ్గింది’ అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళను ఎంతోమందిని చూశాను. మధ్యలో కొంత మొత్తం కట్టేస్తే చార్జీ ఎంత పడుతుందో కూడా ఆ అగ్రిమెంట్‌లోనే ఉంటుంది. కొన్ని లోన్లకు అది బాగానే ఉంటుంది, చూసుకుని కట్టండి.

ఇంకొకటి. ఆ అప్పు కాగితాల మీద నీ సంతకం లేకపోతే, అది నీ అప్పు కాదు. భార్యవైనంత మాత్రాన బాకీ నీ నెత్తికి రాదు. ఇప్పుడు ‘టాపప్ ఇస్తాం, భార్య కూడా సంతకం పెడితే చాలు’ అని ఫోన్లు వస్తాయి. టాపప్ అంటే ఉన్న అప్పు మీద ఇంకొంత అప్పు. తొందరపడి పెట్టకు. ఎప్పుడైనా వాయిదా తప్పినా, ఉదయం 8 కన్నా ముందు, సాయంత్రం 7 దాటాక రికవరీ వాళ్ళు ఫోన్ చెయ్యకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది. వేరే అప్పులు ఏమైనా ఉన్నాయేమోనని నీ మనసు పీకుతుంటే, క్రెడిట్ బ్యూరోలు ఏడాదికి ఒకసారి ఉచితంగా రిపోర్టు ఇస్తాయి. ఆయన్నే తీయమని చెప్పు. ఆయన వెనకాల నువ్వు తీయకు. దాపరికానికి దాపరికం జవాబు కాదు.

బంగారం సంగతి. అది నీది. పుట్టింటివాళ్ళు పెట్టినదీ, పెళ్ళిలో నీకు వచ్చినదీ స్త్రీధనం. కష్టకాలంలో భర్త వాడుకున్నా తిరిగి ఇచ్చి తీరాలని సుప్రీంకోర్టు 2024లో మళ్ళీ స్పష్టంగా చెప్పింది. పెట్టొద్దని నేను అనను. గోల్డ్ లోన్ వడ్డీ 14 కన్నా బాగా తక్కువకు దొరికితే, లెక్క చూసుకుని, నీకు ఇష్టమైతే పెట్టు. విడిపించే తేదీ, నెలనెలా ఎవరు కట్టేదీ కాగితం మీద రాసుకోండి. ఆ మాట రావాల్సింది మీ ఆయన నోటి నుంచి, అత్తగారి నోటి నుంచి కాదు. ఆవిడతో గొడవ పెట్టుకోకు. ‘మేమిద్దరం మాట్లాడుకుని చెబుతాం అత్తయ్యా’ అని మెల్లగా చెప్పు.

ఆయన నవ్వాడని బాధపడుతున్నావు కదా. భయం ఉన్నవాడు కూడా గట్టిగా నవ్వుతాడమ్మా. నేను చూసినంతలో అప్పు దాచిన మగవాళ్ళు రాత్రుళ్ళు నిద్రపోరు. అడిగి చూడు.

ప్ర: మేరీ చివరికి జమీందారు గారి తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అయిపోతుంది. హిందువు, క్రైస్తవురాలు పెళ్ళి చేసుకున్నట్టు చూపించే ధైర్యం లేక అలా తప్పించుకున్నారని నేనంటాను. మీరేమంటారు?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జ: మీరన్నది కాదనలేను. మేరీ మేరీగానే ఉండి రావుని పెళ్ళి చేసుకుని ఉంటే ఆ సినిమా ఇంకా ఎత్తున నిలబడేది. మా బ్రాంచిలో ఒక సహోద్యోగిని ఉండేది, గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. ‘మిస్సమ్మ వస్తే మా ఇంట్లో మొదట్నుంచీ చూస్తాం గానీ, ఆఖర్న మా అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది’ అని చెప్పింది. ఆ మాట నేను మరిచిపోలేదు. కూతురిలా అనుకుని చూసిన పిల్ల చివరికి ‘మీ పిల్ల కాదు’ అనిపించుకుంటే ఏ తల్లికైనా కష్టమే.

అయినా ఆ సినిమాను నేను వదులుకోలేను, కారణం చెబుతాను. రావు ప్రేమించింది మేరీని. ఆమె పుట్టుక గురించి తెలియక ముందే ప్రేమించాడు. ఆమె మేరీమాతకు పెట్టుకునే మొరను దర్శకుడు ఎక్కడా నవ్వులాటగా తీయలేదు, పి. లీల గారు భక్తితో పాడారు. బొట్టు పెట్టుకోమంటే ఆమె ఒప్పుకోకపోవడంలో పొగరు లేదు, తన విశ్వాసం మీద పట్టుదల ఉంది. పెంచిన తల్లిదండ్రులు మంచివాళ్ళు. 1955లో ఒక తెలుగు సినిమా నాయిక క్రైస్తవురాలై, బీఏ చదివి, ఇంటి అప్పు తన సంపాదనతో తీర్చాలని ఇల్లు కదిలింది. ఇంత చేసినవాళ్ళు చివరి మెట్టు ఎక్కలేదన్న బాధ నాకూ ఉంది.

ప్ర: మొదట భానుమతి గారిని పెట్టి తీశారట కదా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జ: అవును, కొన్ని రీళ్ళు తీశారు కూడా. ఒక రోజు వరలక్ష్మీ వ్రతం చేసుకుని ఆలస్యంగా షూటింగ్‌కు వచ్చారని చక్రపాణి గారితో మాటా మాటా పెరిగింది. ఆవిడ తప్పుకున్నారు. సీత పాత్రకు అనుకున్న సావిత్రి మిస్సమ్మ అయింది, సీతగా జమున వచ్చింది. భానుమతి గారు ఉంటే ఆ కోపం ఇంకో రకంగా ఉండేది. సావిత్రి కోపంలో చిన్నపిల్ల అలక కలిసి ఉంటుంది, కళ్ళు ఎర్రజేస్తూనే పెదవి విరుస్తుంది. చిర్రావూరు పిల్ల పెద్ద నటి అని ఊరూవాడా ఒప్పుకున్నది ఈ పాత్ర తర్వాతే.

ప్ర: రామారావు గారికి ఇందులో ఘంటసాల పాడలేదా?
— ఒక పాఠకుడు, నల్లగొండ

జ: లేదు, ఏ.ఎం. రాజా గారు. సంగీతం సాలూరి రాజేశ్వరరావు గారు. ఆ మెత్తని గొంతు ఉద్యోగం లేని బీఏ కుర్రాడికి సరిగ్గా అతికింది. దేవయ్య బిచ్చం పాట మాత్రం రేలంగి గారు సొంతంగా పాడుకున్నారు.

ప్ర: జమీందారుగా వేసిన ఎస్.వి. రంగారావు గారి వయసు అప్పుడెంత? మా ఇంట్లో పందెం వేసుకున్నాం.
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జ: 36. ఆయన 1918 జూలైలో పుట్టారు. అల్లుడుగా పిలిపించుకున్న ఎన్టీఆర్ గారికి అప్పుడు 31. ఇద్దరికీ అయిదేళ్ళే తేడా! ఆ నడకా, ఆ కూర్చోవడం, కూతురిని తలుచుకున్నప్పుడు గొంతు దగ్గర ఆగిపోయే మాట చూస్తే అరవై దాటిన తండ్రి అనే అనుకుంటాం. పక్కన ఋష్యేంద్రమణి గారు తోడయ్యారు. పందెం ఎవరు గెలిచారో రాయండి.

ప్ర: నాగేశ్వరరావు గారు అంత పెద్ద హీరో అయ్యుండి ఆ డిటెక్టివ్ వేషం ఎందుకు ఒప్పుకున్నారు?
— ఒక పాఠకుడు, కర్నూలు

జ: 1953లో ‘దేవదాసు’ వచ్చాక అందరూ ఆయన్ని విషాద నాయకుడిగానే చూశారు. ఆ ముద్ర చెరిపేసుకోవాలని తానే ముందుకొచ్చి నవ్వించే పాత్ర వేశారు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఏదో కనిపెట్టేసినట్టు చూసే ఆ రాజుని చూస్తే, తాగి తాగి చచ్చిపోయిన దేవదాసు ఇతనేనా అనిపిస్తుంది.

ప్ర: మా బాబుకి పన్నెండేళ్ళు. ఇక్కడే పుట్టాడు, తెలుగు అర్థమవుతుంది. ‘మిస్సమ్మ’ చూసి ఇలాంటిదే ఇంకొకటి కావాలంటున్నాడు. ఏది చూపించమంటారు?
— ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జ: వెంటనే ‘పెళ్ళి చేసి చూడు’ పెట్టండి. అదీ ‘మిస్సమ్మ’ తీసిన విజయా సంస్థ వారిదే, 1952లో వచ్చింది, దర్శకుడూ ఎల్.వి. ప్రసాద్ గారే. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మన పెద్దలు అనే మాటలోంచి తీసుకున్న పేరు. కట్నం డబ్బు అందలేదని తండ్రి మొండికేస్తే, కొడుకు పిచ్చివాడిగా, కోడలు నర్సుగా నటించి ఆ పెద్దమనిషిని దారికి తెస్తారు. మీ బాబు ఆ పిచ్చి నటన చూసి కడుపు చెక్కలయ్యేలా నవ్వుతాడు. కట్నం తీసుకోకూడదని దేశంలో చట్టం వచ్చింది 1961లో. ఈ సినిమా అంతకు తొమ్మిదేళ్ళ ముందే ఆ మాట నవ్విస్తూ చెప్పింది. చట్టం వచ్చాక కూడా కూతురి పెళ్ళి కోసం లోన్ అడుగుతూ మా కౌంటర్‌కు వచ్చిన తండ్రులు, దరఖాస్తులో ‘ఇంటి మరమ్మతు’ అని రాసేవాళ్ళు. ఆ కాగితాల మీద ముద్ర వేసిన చేతులు నావి.

తర్వాత ‘అప్పు చేసి పప్పు కూడు’ చూడొచ్చు, 1959 సంక్రాంతికి వచ్చింది. దాంట్లో అప్పుల మీద దర్జాగా బతికే పెద్దమనిషి సి.ఎస్.ఆర్. గారు. కానీ అది కొంచెం పెద్దయ్యాక చూపిస్తే బాగుంటుంది.

‘పెళ్ళి చేసి చూడు’లో ఒకచోట మీవాడు ‘కట్నం అంటే ఏంటమ్మా?’ అని అడుగుతాడు. అడగ్గానే సినిమా ఆపండి. తర్వాత చెబుతానని దాటెయ్యకండి. మీ అమ్మగారు అక్కడే ఉంటే ఆవిడనే చెప్పమనండి. ఆవిడ పెళ్ళికి ఎంత ఇచ్చారో, ఏ పొలం అమ్మి ఇచ్చారో ఆవిడకి పైసాతో సహా గుర్తుంటుంది.